మారిన చీటీలు

నాకు మాటలొచ్చని వీధిలో పిల్లలకు మాత్రమే తెలుసు. పెద్దవాళ్లకు నేను కడియం నర్సరీలో కాపలా కుక్కని, అంతే.

పోయిన నెల గులాబీ మొక్కలకు పూల రంగు రాసి కట్టిన చీటీలను అయ్యగారి మనవరాలు పావని ఆడుకుంటూ తారుమారు చేసింది. "ఎవరికీ చెప్పకురా" అని నా నోట్లో బిస్కెట్ పెట్టింది. "చెప్పనులే" అన్నాను.

ఎర్రవని లారీకెక్కించిన మొక్కలన్నీ తెల్లగా పూశాయట. చీటీలు కట్టే వీరమ్మని అయ్యగారు ఈరోజు పనిలోంచి తీసేశారు. "సరిగ్గానే కట్టానండి" అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

పావని నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

వెళ్లేముందు వీరమ్మ ఎప్పటిలాగే తన క్యారేజీలో అన్నం నాకు పెట్టి, తల నిమిరింది.

"నేను కట్టేటప్పుడు పక్కనే ఉన్నావు. నీకే నోరుంటే ఆయనకి చెప్పేవాడివి కదరా."

నేను తోక ఊపాను.