తోడు సీసా

"దాని జోలికి వెళ్లకు," అన్నాడు టెక్నీషియన్, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

ట్యాంకుల్లో ఆవిరైపోయే ద్రవ నైట్రోజన్‌ని వారం వారం నింపే ముసలాయన క్యానుతో పాత ట్యాంకు దగ్గర ఆగిపోయాడు. "మూత కూడా తీయొద్దా సార్?"

"నేను చెప్పేదాకా ఎవరూ తీయొద్దు. తీసినప్పుడల్లా లోపలి చలి చెదిరిపోతుంది. అందులో ఉన్నది మా బావమరిది ప్రాణం."

ముసలాయన బుద్ధిగా తలూపి కొత్త ట్యాంకు మూత తీశాడు. తెల్లటి పొగ గుప్పుమని పొంగి నేల మీదికి జారింది. పొగ వచ్చిందంటే లోపల చలి ఉన్నట్టు, చలి ఉంటే కణాలు క్షేమంగా ఉన్నట్టు.

ల్యాబులో టెక్నీషియన్ని అందరూ చాటుగా 'చాదస్తం' అనేవాళ్లు. బావమరిదైతే మొహం మీదే అనేవాడు. ఆ బావమరిదికి రక్తంలో జబ్బు. అతని మూలకణాలే తీసి, బ్యాగులో పోసి గడ్డకట్టించారు. అంతకుముందు లెక్కచూస్తే నూటికి తొంభై ఆరు బతికున్నాయి. బ్యాగుకి తోడుగా ఒక చిన్న సీసాలోనూ కాసిని పోశారు. తర్వాత ఆ సీసా కరిగించి చూస్తే బ్యాగులోవి ఎలా ఉన్నాయో తెలుస్తుంది. రెండూ ఒకేచోట ఉంచడం రివాజు. కానీ సీసా కోసం మూత తీస్తే బ్యాగుకి వేడి తగులుతుందని, బ్యాగుని పాత ట్యాంకులో, సీసాని కొత్త ట్యాంకులో పెట్టాడు చాదస్తం. సొంత మనిషాయె, ఆమాత్రం జాగ్రత్త ఉండదూ?

ఈలోగా బావమరిదికి జ్వరం తగులుకుంది. చికిత్స నెలల తరబడి వాయిదా పడింది.

"సీసాలో లెక్క బాగుంటేనే పెద్ద మందు ఎక్కిస్తాను," అంది డాక్టరమ్మ. "దానికి జబ్బుతోపాటు మూలుగ కూడా చస్తుంది. ఆ తర్వాత మీ బ్యాగే దిక్కు."

సీసా కరిగించిన రోజు బావమరిది ల్యాబు గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నాడు.

"నావి కదా బావా, నాలాగే బద్ధకంగా పడుకునుంటాయి. చచ్చాయనుకునేవు."

"నోర్మూసుకో, లెక్క తప్పుతోంది."

చచ్చిన కణాలు నీలిరంగు పీల్చుకుంటాయి, బతికినవి దగ్గరికి రానివ్వవు. ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టాడు.

"నూటికి తొంభై బతికున్నాయిరా. మీ అక్కకి ఫోన్ చేసి ఇక ఏడుపు ఆపమను."

"నీ చాదస్తమే నన్ను బతికించింది బావా," అన్నాడు బావమరిది. ఈసారి వేళాకోళం లేదు.

మందు ఎక్కించారు. జుట్టు ఊడింది, నోరంతా పూసింది, మనిషి మంచానికి అతుక్కుపోయాడు. రక్తంలో తెల్లకణమన్నది లేకుండా పోయింది. అక్క తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చుని, "త్వరగా తెండి," అంది మొగుడితో.

అతను పరుగులాంటి నడకతో ల్యాబుకి వచ్చాడు. ముసలాయన పాత ట్యాంకు పక్కనే ఉన్నాడు.

"మీరన్నట్టే సార్, ఒక్కరినీ దీని మీద చెయ్యి వేయనివ్వలేదు," అన్నాడు గర్వంగా. "ఇన్నాళ్లూ నేనూ ముట్టుకోలేదు."

"మంచి పని చేశావు," అంటూ చేతులకి గ్లవ్స్ తొడుక్కుని మూత ఎత్తాడు చాదస్తం.

పొగ రాలేదు.