ప్రిస్కిల్లా సాక్ష్యం

ఇట్లా దగ్గరికి జరగండర్రా, మన ప్రిస్కిల్లా ఏం చేసిందో చెబుతాను.

తార్నాక చర్చిలో ఆ ఆదివారం కూడా సైమన్ అయ్యగారు, "ఊపిరితిత్తి కుప్పకూలిన మన బిడ్డ కోసం ప్రార్థిద్దాం" అనగానే, అందరూ "అయ్యో" అంటూ తలలు వంచారు. ఆ బిడ్డ ప్రిస్కిల్లానే. క్యాంపస్ హాస్టల్ నుంచి వచ్చిన ఆమె ఒళ్ళు మండి లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేను సాక్ష్యం చెప్పాలి."

"కూర్చో తల్లీ, ఆయాసమొస్తుంది" అన్నాడు క్వయర్ పెద్ద డేనియల్. ఆమె పాటను అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశాడు.

"రాదంకుల్! దాని పేరు న్యూమోథొరాక్స్. అంటే ఛాతీలో గాలి చేరడం, అంతే. ఊపిరితిత్తికి చిల్లుపడి, బయటికొచ్చిన గాలే దాన్ని నొక్కేసింది. గొట్టం వేసి ఆ గాలి తీసేశారు, అది మళ్ళీ విప్పుకుంది. డాక్టరు పాడుకోమన్నాడు. ఇప్పుడు నన్ను నొక్కుతున్నవి మీ అయ్యోలే!"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఇది రోగుల ప్రార్థన కాదు, స్తుతి ప్రార్థన. డేనియలూ, మైకివ్వు."

ప్రిస్కిల్లా చివరి చరణాన్ని ఒక్క గుక్కలో లాగింది. గొంతు కలిపిన డేనియల్‌కే ఆయాసమొచ్చింది.

రేపెవరైనా ఆ పిల్లను చూసి అయ్యో అంటే, మరిచిపోకుండా ఈ సంగతి చెప్పండర్రా.