ఊకొట్టే ముసలమ్మ

చీకటి హాల్లో ఎవరో "ఊఁ..." అన్నారు.

కాసేపాగి మళ్లీ, "ఊఁ!"

"ఏమ్మోయ్, ఆ గోలేంటో చూడు!" ముందు వరసలోంచి కళ్లజోడాయన విసుక్కున్నాడు. "పరాయి దొరలు ఊళ్లు తగలబెట్టిన సినిమా ఇది. ఊకొట్టడానికి ఇదేమన్నా కాకమ్మ కథా?"

టార్చి పట్టి సీట్లు చూపించే అమ్మాయి గబగబా వెనక వరసల వైపు నడిచింది. చంటిదాన్ని పక్కింట్లో వదిలి పనికొస్తోంది. ఇంకొక్క ఫిర్యాదొస్తే ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు.

టార్చి వేసింది. చివరి వరసలో రోజూ వచ్చే ముసలమ్మే.

తెర మీద శబ్దం లేని పాత ఫిల్ము ముక్క నడుస్తోంది. ఇసకలో కూర్చున్న ఓ తల్లి, ఒళ్లో పాప, వెనకాల తుపాకులు. తల్లి పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ఊఁ," అంది ముసలమ్మ, చూపు తిప్పకుండా.

"పెద్దమ్మా! దణ్ణం పెడతా, ఊరుకో."

"ఉండవే తల్లీ. ఊకొట్టకపోతే ఆపేస్తుంది."

"ఎవరు ఆపేది? అక్కడ మాటే లేదుగా!"

"నీకు వినపడదులే."

అమ్మాయి రెక్క పట్టి లేపింది. "నా పొట్ట కొట్టకు. ఇంక రావద్దు."

ముసలమ్మ వెనక్కి తిరిగి తెర చూసుకుంటూనే తలుపు దాకా నడిచింది. "కొంచెమే మిగిలింది," అంది చిన్నగా.

మర్నాడు ఆమె రాలేదు. సినిమా తీసినాయన వచ్చాడు. ఆట అయ్యాక జనం చుట్టూ మూగారు.

"మిగతాదంతా నటనే గానీ, ఆ శబ్దం లేని ముక్క నిజం," అన్నాడాయన. "కాల్చబోయే ముందు సిపాయిలే సరదాకి కెమెరాతో తీసుకున్నారు. పాప బెదరకుండా తల్లి ఏదో కథ చెబుతోందట. పాప బతికిందని విన్నాం. ఆ కథేంటో అడుగుదామని వెతకని చోటు లేదు."

"కథెందుకండీ?" అన్నాడు కళ్లజోడాయన.

"దొరలు అన్న ప్రతి మాటా ఎక్కడో రాసి ఉంది బాబూ. ఆమెది ఒక్కటీ లేదు."

అమ్మాయి వీధిలోకి పరుగెత్తింది. బస్సు స్టాపు ఖాళీ.

"రోజూ సినిమాకొచ్చే ముసలమ్మ... ఇల్లెక్కడ?" టీకొట్టతన్ని అడిగింది.

"రోజూ చూసే మనిషే. ఎక్కడుంటావని ఎవరడిగారమ్మా?"

పక్కింట్లో చంటిది ఏడ్చే వేళ. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది.

నిన్న తను రెక్క పట్టి లేపి పంపేసింది, తల్లి ఒళ్లో కథ వింటున్న ఆ పాపనే.