బాత్రూం వెనక పాము

"ఈ కుక్కన్న ఉండాలె, నేనన్న ఉండాలె. తేల్చు," అన్నాడు సదయ్య, డ్యూటీ బూటు అడుగును రాయి మీద రుద్దుతూ.

ఆయన కేకకు నిద్రలేచి వచ్చిన భార్య సారవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మే నెల. పొద్దున ఆరు కాలేదు, అప్పుడే క్వార్టర్ వాకిలి ఉడికిపోతోంది. ఉక్కకు కుక్క పెంట గుప్పుమంటోంది, ఈగలు ముసురుతున్నాయి.

"రేపటి సంది ఎనిమిది దినాలు చూస్త. డ్యూటీ దిగంగనే వాకిలంత చెక్ చేస్త. ఒక్క కుప్ప కనవడ్డా దాన్ని కాసిపేటల మా బావ చేను కాడ ఇడిసొస్త."

"నోరులేని జీవి. దానికేమెరుక?"

"నీకెరుకనే గద. ఎత్తిపొయ్యి."

సదయ్య బొగ్గు గనిలో సర్దార్. మనుషులు పనిలోకి దిగకముందే పైకప్పు తట్టి, గాలి చూసి, భద్రమని తేలిన చోట సుద్దతో తేదీ, టైము వేసి సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ల అలవాటు, ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. కూలర్‌లో నీళ్లు పోస్తే కూలర్ మీద రాస్తాడు. మామిడికాయ తొక్కు జాడీ మూత మీదా ఆయన సంతకమే.

ఆ సాయంత్రం చేతిలో పారతో, చెమటలు కక్కుకుంటూ బాత్రూం వెనక నుంచి వచ్చాడు. "అటు దిక్కు పోకు. పాము కనవడ్డది," అన్నాడు. పామంటే సారవ్వకు హడల్. అటు చూడడమే మానేసింది.

కుక్క పేరు పాండు. అదంటే ఆమెకు ప్రాణం. ఆయన డ్యూటీకి పోతే ఇంట్లో మాట్లాడడానికి ఉన్నది అదొక్కటే. ఫస్టు షిఫ్టుకు ఆయన తనే చాయ్ పెట్టుకుని పోతాడు. కూలర్ హోరులో ఆమెకు ఆరు దాటితే గాని మెలకువ రాదు. మర్నాడు లేవగానే రేకు ముక్క, చీపురు పట్టుకుని వాకిలంతా వెతికింది. ఏమీ లేదు. మూడో రోజూ లేదు, అయిదో రోజూ లేదు. పొయ్యి పక్కన బూడిద తట్ట మాత్రం ఖాళీగా ఉంటోంది. పక్క క్వార్టర్ మల్లక్క గిన్నెలు తోముకోవడానికి పట్టుకుపోతోందనుకుంది.

"మా పాండుకు బుద్ధొచ్చిందక్క," అని మల్లక్కకే చెప్పుకుని మురిసిపోయింది.

"గేటుకు గొళ్లెం ఉంటది. మరి యాడికి పోతాంది?"

"ఏమోనక్క. ఎటు పోతే ఏంది, నా కుక్క నాకు దక్కితే సాలు."

రోజూ నాలుగింటికి సదయ్య వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వాకిలి ఈ మూల నుంచి ఆ మూలకు వంగి వంగి చూసేవాడు. గేటు దిమ్మె మీద తేదీ వేసి సంతకం పెట్టేవాడు. సారవ్వ గుండె అప్పుడు గాని కుదుటపడేది కాదు.

ఎనిమిదో రోజు పాండు మెడ చుట్టూ చెయ్యేసి కూర్చుంది. ఆయన చూసి వచ్చి, సంతకం పెట్టి, సుద్ద జేబులో వేసుకున్నాడు.

"సరే, ఉండనియ్యి. నేర్చుకున్నట్టే ఉన్నది," అని స్నానానికి పోయాడు.

సారవ్వ కళ్లు తుడుచుకుంది. ఆ సంతోషంలో పట్టు వదిలేసరికి పాండు తోక ఊపుకుంటూ తిన్నగా బాత్రూం వెనక్కి పరిగెత్తింది.

"పాండూ, అటు పోకు, పామున్నది," అంటూ కర్ర అందుకుని, భయం మరిచిపోయి వెంటపడింది.

అక్కడ పాము లేదు. మోకాటిలోతు గుంత ఉంది, దాని నిండా పొరలు పొరలుగా పొయ్యి బూడిద, పక్కన పార. పైన గోడ మీద సుద్దతో వరుసగా ఎనిమిది తేదీలు, ఒక్కో తేదీ పక్కన 'పొద్దున 5.10', కింద సదయ్య సంతకం.