నాణెం మీది ఆవిడ

"ఏమండీ, ఎవరీవిడ?" అంది భార్య, కొత్త నాణేన్ని వంటింటి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని.

నాణెం మీద ఒకావిడ తలమీద ముసుగు వేసుకుని, చేతిలో వరికంకి పట్టుకుని, సూటిగా చూస్తోంది. భర్తది టంకశాలలో నాణేల అచ్చులు చెక్కే పని. కాఫీ చల్లార్చుకుంటూ, ఎవరూ కాదు, ఊహే అన్నాడు. ఎన్నిసార్లు విన్నా ఆ జవాబు ఆమెకి మింగుడు పడటం లేదు. ఊహకి బుగ్గన సొట్ట ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఆ మొహం తనకి బాగా తెలిసినట్టే ఉంది. ఎక్కడ చూసిందో మాత్రం ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టడం లేదు. ఎదురింటి టీచరమ్మని ఒకటికి రెండుసార్లు పరీక్షగా చూసి వచ్చింది. ఆవిడ కాదు.

ఈ అనుమానం వంటింట్లోనే ఉండిపోతే గొడవ ఉండేది కాదు. కొత్తగా వచ్చిన నాణేల చట్టం ప్రకారం బతికున్న మనిషి బొమ్మ ఏ నాణెం మీదా ఉండకూడదు. ఉంటే ఆ నాణెం చెల్లదు. అచ్చువేసినవన్నీ వెనక్కి తెప్పించి కరిగించాలి, చెక్కినవాడు ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవాలి. టంకశాల గేటు దగ్గర కాపలావాడు నాణేన్ని చూసి, ఈవిణ్ణి రోజూ చూస్తున్నట్టే ఉందే అన్నాడట. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి పైవాళ్ల చెవిన పడింది. అందుకని ఆ ఆదివారం లా ఆఫీసరు భూతద్దం జేబులో వేసుకుని, ఇంట్లో ఆడవాళ్లని ఒకసారి చూసిపోతానంటూ ఇంటికే వచ్చాడు.

ముందు భార్యని చూశాడు, నాణేన్ని చూశాడు, పెదవి విరిచాడు. ఉద్యోగం నిలబడుతోందని సంతోషించాలో, తన మొహం నాణేనికి పనికిరాలేదని ఏడవాలో ఆమెకి తెలియలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం చివుక్కుమంది.

అత్తగారి దగ్గర మాత్రం భూతద్దం ఆగిపోయింది.

"ముక్కు మీదేనండీ."

భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారు, వయసులో ఉన్నప్పటి తన బొమ్మేనని వీధంతా చాటింపు వేసిన మనిషి, కొడుకు వాలకం చూసి ఒక్కసారిగా ప్లేటు తిప్పేసింది.

"ముక్కుదేముంది నాయనా, ఎవరికైనా ఉంటుంది. ఆ గడ్డం చూడు, నాది అలా ఉందా?"

లేదు. ఆఫీసరు కాసేపు అటూ ఇటూ ఊగిసలాడి, చట్టంలో మనిషి అని రాశారు గానీ ముక్కు అని రాయలేదు కదా అని తనే తీర్పు చెప్పుకున్నాడు. చివరికి భర్త వైపు తిరిగి, ఏ ఆడమనిషినైనా చూసి చెక్కారా అని అడిగాడు.

"ఒట్టేసి చెబుతున్నానండీ, ఏ ఆడమనిషినీ చూసి చెక్కలేదు."

ఆఫీసరు తలూపి, టీ తాగి, నాణెం చెల్లుతుందని చెప్పి వెళ్లిపోయాడు. అత్తగారు ఆ శుభవార్త వీధిలో పంచడానికి బయల్దేరింది. చట్టం చల్లబడింది గానీ భార్య చల్లబడలేదు. ఆఫీసరు ముందు బిగపట్టుకున్న ఏడుపంతా ఇప్పుడు తన్నుకొచ్చింది. భర్త ఆమెకీ అదే ఒట్టు వేశాడు. ఆ గొంతులో అబద్ధం లేదని ఆమెకి తెలుస్తూనే ఉంది, అందుకే ఒళ్లు ఇంకా మండింది.

"సరే, నమ్ముతాను. నేనడిగింది ఒక్కటి చేయండి."

"ఏదైనా చేస్తాను."

"ఆ మీసం తీసేయండి."

పెళ్లిచూపుల్లో చూసినప్పట్నుంచీ ఆ గుబురు మీసమంటే ఆమెకి చిరాకు. ఎప్పుడడిగినా ఆయన నవ్వి దాటేసేవాడు. ఈసారి నవ్వలేదు. చీర కొంటానన్నాడు, ఎక్కడికైనా తిప్పుకొస్తానన్నాడు, ఇంకేదైనా అడగమని బతిమాలాడు.

"అంతేలెండి. మీకు నాకంటే మీసమే ఎక్కువ" అంది ఆమె, కళ్లు ఒత్తుకుంటూ.

ఆ తడి కళ్లని ఆయన చాలాసేపు చూశాడు. పెళ్లాం కన్నీళ్ల ముందు ఉద్యోగం ఏపాటిదనుకున్నాడో ఏమో, లేచాడు. మళ్లీ పెరిగేదాకా సెలవు పెడతాను, నన్ను గడప దాటమనొద్దు అని మాత్రం అన్నాడు. సిగ్గు కాబోలనుకుని ఆమె ముసిముసిగా నవ్వుకుంది. ఎన్నేళ్లకి నెగ్గింది మరి.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది.

నాణెం మీది ఆవిడ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది.