గాజు పెట్టెలోని పికప్

"ముట్టుకోవద్దు!"

మాస్టారి కేకకు, పని అడగడానికి వచ్చిన ఆమె ఉలిక్కిపడి, గాజు పెట్టె మీదికి చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

ఆ పెట్టెలో ఉన్నది అరవై ఏళ్లనాటి బేస్ గిటారు పికప్. తీగల కింద నక్కి కూర్చుని, వాటి వణుకును పట్టి స్పీకరుకు అందించే వస్తువు. నాలుగు అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. చూడటానికి అంతే.

అలాంటి పాత పికప్‌లకు చేత్తో నకళ్లు తయారు చేయడం మాస్టారి వృత్తి. దీన్ని మాత్రం ఎనిమిది నెలల కిందట ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఏరికోరి కొన్నారు. దాని మోత విన్న పేరుమోసిన వాయిద్యకారుడు ఒకాయన, అచ్చం అలాగే పలికేది చేసిపెట్టమన్నాడు. పదకొండు చేశారు. ఒక్కటీ అలా పలకలేదు. పైగా ఈమధ్య మాస్టారి చెయ్యి వణుకుతోంది. రేపే ఆఖరి గడువు. రేపు కూడా కుదరకపోతే ఇక దుకాణం మూసేయడమే.

అందుకే 'చుట్టే మనిషి కావలెను' అని తలుపుకు అట్ట తగిలించారు.

"ఇంతకుముందు ఏం చుట్టేదానివమ్మా?"

"ఫ్యాన్ మోటార్లండీ. ఇంకా చిన్నాచితకా..."

"ఫ్యాన్లా!"

పక్కన టంకం పెడుతున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది. "ముందు పని చూడండి. చెయ్యి మంచిదేమో."

పనికి వచ్చినామె కళ్లు ఇంకా గాజు పెట్టె మీదే ఉన్నాయి.

"ఇది బాగా పలుకుతుందాండీ?"

"పలకడమేంటమ్మా, ప్రాణం లేచొస్తుంది! ఆ కాలం పనివాళ్లు చుట్టిన చుట్టు అది. ఆ చేతులు ఇప్పుడెక్కడున్నాయి?"

"అంత బాగుందా!" ఆమె ముఖం చంటిపిల్లలా వెలిగిపోయింది. "అది నేను..."

"కబుర్లు తర్వాత. కూర్చో, చుట్టు."

తీగ చుట్టే యంత్రం తిరిగింది. ఆమె వేళ్ల మధ్య నుంచి తీగ అటూ ఇటూ ఊగుతూ, ఇష్టమొచ్చిన చోట పడసాగింది.

మాస్టారు రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయారు.

"ఆపమ్మా, ఆపు! గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏమిటా చుట్టడం? ఇస్త్రీ బట్టలు మడిచి పేర్చినట్టు పొర మీద పొర పడాలి!"

"అలా పేరిస్తే గొంతు నొక్కినట్టు ఉంటుందండీ. లోపల కాస్త సందు ఉండాలి..."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా? ముప్పై ఏళ్లుగా చుడుతున్నాను నేను!"

ఆమె లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒక్క మాట చెప్పి వెళ్తాను మాస్టారూ."

"వద్దమ్మా. ఇవాళ నాకు మాటలకు తీరిక లేదు."

గుమ్మం దగ్గర మాస్టారి భార్య మంచినీళ్లు ఇచ్చింది. "ఆయన నోరే అంత. ఏమీ అనుకోకు. ఇప్పుడెక్కడికి వెళ్తావు?"

"మూడింటి రైలుకి మా అక్క వాళ్ల ఊరు వెళ్లిపోతానండీ. ఇక్కడ కుదిరితే ఉందామనుకున్నాను, అంతే."

మాస్టారు వణికే చేత్తోనే పన్నెండోది చుట్టారు. పొర మీద పొర, వంక పెట్టడానికి లేదు. గిటారుకు బిగించి తీగ మీటారు.

గోనెసంచిలోంచి వచ్చినట్టు వచ్చింది మోత.

నాలుగయింది. ఆయనకు ఇక దారి తోచలేదు. పాత సామాన్ల వ్యాపారికి ఫోన్ చేశారు.

"అలాంటిదే ఇంకో అసలుది దొరుకుతుందా? నకలు చేయడం నావల్ల కాలేదు. ఓడిపోయాను."



"మాస్టారూ, మీరు అడగలేదు, నేను చెప్పలేదు. అందులో అయస్కాంతాలూ, అవి బిగించిన అట్టముక్కా పాతవే. నా దగ్గరికి వచ్చేసరికే లోపలి తీగ తెగిపోయి ఉంది. చుట్టు మాత్రం కిందటేడు కొత్తగా వేయించాను."

మాస్టారు గాజు పెట్టె వైపు తిరిగారు. ఎనిమిది నెలలుగా గాజు పెట్టెలో పెట్టి దణ్ణం పెట్టినంత పని చేసింది నిన్నమొన్నటి చుట్టుకా!

"మరి ఆ మోత..."

"ఆ మోతంతా ఆ చుట్టుదేనండీ. చెయ్యి అలాంటిది."

"ఎవరిదా చెయ్యి? ఎక్కడుంటారు? రేపటిలోగా నాకు కావాలి, కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాను!"

"అదేమిటి మాస్టారూ, చేతిలో ఫోన్ కూడా లేని మనిషని, దారి చెప్పి పొద్దున నేనే మీ దుకాణానికి పంపాను... ఆవిడ ఇంకా రాలేదా?"