కాయిల్ రెండు చివరలు

పాఠక మహాశయులారా, ఇంత చిన్న కార్డు మీద రేడియో ఏరియల్‌కు తగిలించే తీగచుట్ట, అదే కాయిల్, గురించి రాస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

కాయిల్లో కింద ఎక్కిన కరెంటంతా పైన దిగుతుందని అన్నయ్య. దారిలోనే తగ్గుతుందని నేను. వేరు కాపురం పెట్టాక అన్నయ్య ఈ గొడవకే ప్రతి ఆదివారం మా మేడెక్కేవాడు. కూర్చోకుండానే తిట్టి దిగిపోయేవాడు.

నిన్న మా మేడ మీది కాయిల్‌కు కిందా పైనా కరెంటు కొలిచే మీటరు ఒక్కోటి బిగించాడు. రెండు ముళ్లూ ఒకే అంకె మీద నిలిచాయి.

"చూశావురా, డిగ్రీ వెధవా!"

"ఓడిపోయానన్నయ్యా. కూర్చో, టీ పెడతాను. వచ్చే ఆదివారం..."

"తేలిపోయిందిగా, ఇంక రావడమెందుకురా?" అంటూ మీటర్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

నిజానికి కరెంటు తగ్గుతుంది. ఒక్కసారి గెలిస్తేనైనా కాసేపు కూర్చుంటాడని, కాయిల్ రెండు చివరలనూ చాటుగా తీగతో కలిపేసి, కరెంటుకు అడ్డదారి పెట్టింది నేనే.